రెండు వేళ్ళ బండి

నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. రెండోసారి, నాకు ఎప్పటికీ అర్థం కాదన్న సంగతి అర్థమైంది. మానేశాను. చదువు వల్ల నాకు కలిగిన జ్ఞానం అంతవరకే.

తరవాత బండి పట్టుకున్నాను. నంద్యాలలో ఒక బండల అంగడి ఉంది. బేతంచెర్లలో పాలిష్ పట్టిన బండలను చిన్న లారీలో ఎక్కించుకుని వచ్చి, ఆళ్ళగడ్డ దాకా కొత్త ఇళ్ళు కడుతున్న వాళ్ళకు దించి రావడం నా పని. ఇరవై ఏళ్ళు అదే చేశాను. ఎంతమంది ఇళ్ళకు నేల వేశానో లెక్కలేదు. మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ సిమెంటు గచ్చే. అడిగితే, డాక్టరు ఇంట్లో వాళ్ళు రోజూ సూది వేయించుకుంటారా అంటాను.

ఆళ్ళగడ్డలోనే ఒక ఇంటి ముందు బండలు దించుతుండగా ఒకటి జారింది. నా ఎడమ చెయ్యి బండకీ బండి తలుపుకీ మధ్య ఇరుక్కుంది. చూపుడు వేలు, మధ్య వేలు. ఎముకలు అతుక్కున్నాయి గానీ, కట్టు విప్పాక ఆ రెండూ కొయ్యముక్కల్లా నిలబడి ఉన్నాయి. ఆడిస్తూ ఉంటే రావచ్చు, ఊరికే ఉంచితే ఇట్లాగే ఉండిపోతాయి అన్నాడు నంద్యాల డాక్టరు. పిసకమని ఒక రబ్బరు బంతి ఇచ్చాడు.

ఏ వేళ్ళు పోయినా సర్దుకునేవాణ్ణి. ఈ రెండే పోకూడదు. మా బండికి రివర్స్ వేయాలంటే గేరు కర్ర మెడలో ఒక రింగు ఉంటుంది. దాన్ని చూపుడు వేలితో, మధ్య వేలితో పైకి లాగి పట్టుకుని కర్రను పక్కకు తోయాలి. ఆ రింగు లేవకపోతే నేను డ్రైవర్ని కాను.

మా ఓనరు మంచివాడే. అంగడి మనిషి కాబట్టి మంచితనానికి కూడా గడువు పెట్టుకుంటాడు. అప్పుడే మూఢం వచ్చింది. మూఢంలో గృహప్రవేశాలు ఉండవు, కొత్త పనులు మొదలుపెట్టరు. ఎవరూ బండలు కొనరు. ఎవరో కుర్రడ్రైవర్ని తాత్కాలికంగా పెట్టుకుని నాతో అన్నాడు:

"మూఢం పొయ్యేలోపల చెయ్యి బాగు చేసుకోని రాప్పా. మూఢం పోయిన్నాడు నీవొచ్చి బండి వెనక్కి తీసి సూపిస్తే బండి నీది. లేదంటే ఆ పిల్లోణ్ణే ఉంచుకుంటా. ముహూర్తాలు మొదలైతే నేను ఆగలేను."

జనమంతా మూఢం ఎప్పుడు పోతుందా అని చూస్తుంటే నేనొక్కణ్ణే అది పోకూడదని కోరుకున్నాను.

బంతి పిసకడం రెండు వారాలు చేశాను. మనిషిని అంత అలసట పెట్టే పని ఇంకొకటి ఉండదు. బండలు మోసినప్పుడు ఒళ్ళు అలసేది, నిద్ర వచ్చేది. బంతి పిసికితే బుర్ర అలుస్తుంది, నిద్ర మాత్రం రాదు. ఆ చేత్తో బంతి, ఈ చేత్తో ఫోను పట్టుకుని కూర్చుంటే ఒకరోజు ఫోనులో ఒక చెయ్యి కనిపించింది. ఏ దేశం చెయ్యో తెలియదు. వేలెడంత చెక్క, దాని కింద నాలుగు బుల్లి చక్రాలు. చూపుడు వేలు ముందు, మధ్య వేలు వెనక, రెండు కాళ్ళ మీద మనిషి నిలబడ్డట్టు ఆ చెక్క మీద నిలబడ్డాయి. జర్రున పోయి, మూడు మెట్ల మీదినుంచి దూకి, కమ్మీ మీద జారి, కింద దిగి ఆగాయి. స్కేటింగ్ బోర్డును వేళ్ళకు సరిపడా చేసి ఆడే ఆట అది. పెద్దవాళ్ళే, గడ్డాలున్న వాళ్ళే ఆడుతున్నారు.

నేను చూసింది వాళ్ళ విద్యను కాదు. ఆ రెండు వేళ్ళను. నాకు పోయినవి అవే.

తెప్పించుకున్నాను. పొట్లం విప్పుతుంటే మా ఆవిడ మిషను ఆపి చూసింది. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది.

"ఏందయ్యా అది? ఎలుకకు చెప్పులా?"

"వ్యాయామం."

"ఎవురికి?"

"వేళ్ళకు."

"వేళ్ళకైతే ఈ చిక్కుడుకాయలు ఒలిచి పెట్టు. కూరా అయితాది, వ్యాయామమూ అయితాది."

చిక్కుడుకాయలు ఒలిచాకే ఆడుకోనిచ్చింది.

బండలు కోయగా మిగిలిన ముక్కలు నాలుగు ఇంట్లో ఉండేవి. ఒకటి నేలగా పరిచాను. మా ఆవిడ కొలతల స్కేలును దారపు రీలు మీద వాల్చితే వాలు అయింది. బోర్డు మీద వేళ్ళు జారుతున్నాయని బండలకు రుద్దే గరుకు కాగితం అతికించాను. సాయంత్రానికి వేళ్ళ చర్మం దాని మీద ఉంది. మా ఆవిడ పాత సైకిల్ ట్యూబు కత్తిరించి, గరుకు కాగితం పీకి అది అతికించింది. అప్పటినుంచి వేళ్ళు నిలిచాయి.

ఆ ఆటలో మొదటి విద్య దూకడం. వెనక వేలితో తోకను టక్కున నొక్కాలి, ముందు వేలిని అదే క్షణంలో పైకి తీసుకుపోవాలి. చెక్క వేళ్ళకు అంటుకున్నట్టు గాలిలోకి లేచి మళ్ళీ చక్రాల మీద దిగాలి. చెప్పడానికి ఇంతే. నా ముందు వేలు పైకి రాదు, వెనక వేలు కిందికి పోదు. బోర్డు మాత్రం పక్కింటికి పోతుంది. పోయి తెచ్చుకోవడం, మళ్ళీ నొక్కడం. జాకెట్ల కొలతలకు వచ్చిన ఆడవాళ్ళు మంచం కిందినుంచి నా బోర్డు తీసి ఇచ్చేవాళ్ళు. ఒకామె గొంతు తగ్గించి మా ఆవిణ్ణి అడగడం నాకు వినబడింది.

"మీ ఆయనకు దెబ్బ తగిలింది చేతికే గదమ్మా?"

"చేతికే అన్నాడు డాక్టరు" అంది మా ఆవిడ. అందులో కొంచెం అనుమానం కూడా కలిపింది.

అలా నేనే బయటపడ్డాను. ఆళ్ళగడ్డలో మా అక్క ఉంది. మా బావ శిల్పి. రోడ్డు పక్కన రేకుల పందిరి వేసుకుని దేవుళ్ళను చెక్కుతాడు. "ఊరికే ఇంట్లో కూర్చోని ఆయమ్మను సతాయించేది యాల, ఈడికొచ్చి గిరాకీతో మాట్లాడు. నీకు నోరన్నా బాగుంది" అన్నాడు. బస్సెక్కాను. ఇరవై ఏళ్ళు నేను నడిపిన రోడ్డు మీద నన్ను ఇంకొకడు నడిపిస్తుంటే, ప్రతి మలుపులో నా కాలు లేని బ్రేకును తొక్కింది. దిగేసరికి బస్సు నేనే నడిపినంత నీరసం వచ్చింది.

బావ పందిరి ముందు వినాయకుళ్ళు, ఆంజనేయులు రోడ్డు వైపు చూస్తూ ఉంటారు. వాళ్ళ మధ్య ఒక నాయకుడు కూడా ఉన్నాడు. గెలుస్తాడని అనుచరులు చెక్కించారు. ఓడిపోయాడు. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. ఆయన చాచిన చేతికి మా అక్క టవలు ఆరేస్తుంది.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉలి చప్పుడు, రాతి పొడి. గిరాకీ వచ్చేది వారానికి ఇద్దరో ముగ్గురో, మూఢం కదా. మిగతా వేళంతా నేనూ నా రెండు వేళ్ళూ. అవుకు వైపు ఒక ఊరి శివాలయానికి చెక్కుతున్న నంది ఒకటి పందిరి మధ్యలో ఉండేది. మూపురం నుంచి తోక దాకా నున్నటి వాలు. ఇంత మంచి వాలు ఆ దేశాల వాళ్ళకు కూడా దొరకదు. కానీ నంది. చెయ్యి ఆడలేదు.

బావ తల ఎత్తకుండానే అన్నాడు: "కండ్లు తెరవలేదు గదా. తెరిచేదాకా అది రాయే. ఆడుకో."

వాళ్ళ పద్ధతి అది. విగ్రహం అంతా అయిపోయినా కళ్ళు మాత్రం చివరికి ఉంచుతారు. పూజ చేసి ఆఖరి ఉలిదెబ్బలు కళ్ళ మీద వేస్తారు. అంతవరకు దాని మీద కూర్చుంటారు, చొక్కా తగిలిస్తారు, అన్నం గిన్నె పెడతారు. కళ్ళు తెరిచాక చెప్పులు విప్పి దూరంగా నిలబడతారు. సరే, నంద్యాల చుట్టూ తొమ్మిది నందులు ఉన్నాయి, అందరూ వాటికి మొక్కుతారు. నేను జారడానికి పదోది దొరికింది అనుకున్నాను.

కొన్నాళ్ళకు నంది వీపు మీద నగిషీ పని మొదలైంది. నా వాలు పోయింది. నా ముఖం చూసి బావ పందిరి మూలనుంచి ఒక రాయిని దొర్లించుకు వచ్చాడు. పానవట్టం. శివలింగం కింద ఉండే గుండ్రటి పీఠం, అభిషేకం నీళ్ళు పోవడానికి ఒక పక్క ముక్కులా కాలువ ఉంటుంది కదా, అది. చెక్కుతుండగా ఒక చోట వెంట్రుకంత చీలిక వచ్చింది. పగిలిన రాయి గుడికి పనికిరాదు. దాని మీద టీ గ్లాసులు పెట్టుకునేవాళ్ళు.

"ఇది నీకే. ఎవురూ అడగరు" అన్నాడు.

అంచు లోపల గుండ్రంగా పల్లం. బోర్డు వదిలితే వేళ్ళను లాక్కుంటూ చుట్టూ తిరిగేది. వంకర తిరగాలంటే వేళ్ళు వంగాలి. ఒక వేలు ఒరగాలి, ఇంకొకటి లాగాలి. బంతి చేయలేని పని ఆ రాయి చేసింది. పది రోజుల్లో మధ్య వేలు మొదటి కణుపు దగ్గర వంగింది. చూపుడు వేలు దాన్ని చూసి సిగ్గుపడి కొంచెం కదిలింది. ఒక మధ్యాహ్నం బోర్డు టక్కుమని లేచి, పానవట్టం ముక్కు దాటి, అవతల చక్రాల మీద దిగింది. బావను కేకేశాను. ఆయన వచ్చేలోపల ఇంకో యాభైసార్లు ప్రయత్నించాను. మళ్ళీ లేవలేదు.

"లేచినాది బావా, నిజ్జంగా."

"లేసే ఉంటాది లే" అన్నాడు, మా అక్కకు చెప్పొద్దన్నట్టు చూస్తూ.

నంది చెక్కిస్తున్న వాళ్ళ ఇంటి పెద్దావిడ పని చూడటానికి కొడుకుతో కారులో వచ్చింది. తరతరాలుగా భూములున్న ఇల్లు. అవ్వకు పక్షవాతం వచ్చి తగ్గింది. కుడిచేతి వేళ్ళు మాత్రం ముడుచుకుపోయాయి. కొడుకు బావతో మాట్లాడుతున్నాడు. అవ్వ నంది చుట్టూ తిరిగి నా దగ్గర ఆగింది. నేను పానవట్టం ముందు గొంతుకూర్చుని బోర్డు తిప్పుతున్నాను. చాలాసేపు చూసింది.

"ఏం జేస్తాండావు నాయనా?"

"వేళ్ళకోసం అవ్వా. దెబ్బ తగిలి చచ్చుబడినాయి. తిప్పుతా ఉంటే వస్తాయని."

"వచ్చినాయా?"

"కొంచెం కొంచెం."

వంగిన మధ్య వేలిని చూపించాను. దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కొట్లో వంకాయ చూసినట్టు. ఆ తరవాత నన్ను గట్టిగానే కోప్పడింది.

"తిప్పేది తిప్పుతాండావు గానీ, నీళ్ళు పొయ్యే తావు దాటకూడదని తెల్దా? శివునికాడ ఎవురన్నా అట్ల తిరుగుతారా? ఆడిదాకా పోవల్ల, మళ్ళా వెనక్కి తిరిగి రావల్ల."

అప్పటికి నాకు బోధపడింది. నేను ఆడుతున్నానని కాదు, వేళ్ళతో ప్రదక్షిణం చేస్తున్నానని అనుకుంది. చక్రాల చెక్క ఆమెకు ఆటవస్తువు కాదు, నడవలేని వేళ్ళకు బండి. చెబుదామని నోరు తెరిచాను. ఆమె అప్పటికే కింద కూర్చుని, ముడుచుకున్న తన వేళ్ళు రెండింటిని ఎడమ చేత్తో సాగదీసి, రాతి అంచు మీద పెట్టి కాలువ ముక్కు దాకా నడిపించింది. ఆగింది. వెనక్కి తెచ్చింది. నొప్పికి పెదవి కొరుక్కుంటోంది. అక్కడ నేను జోకు వేయలేకపోయాను. వేసి ఉంటే మా బావ ఆశ్చర్యపోయి ఉండడు గానీ, నాకే రాలేదు.

తరవాత కారులోంచి పసుపు కుంకాలు తెప్పించింది. రాతికి పెట్టింది.

"ఇది మాకు ఇయ్యండప్పా" అంది బావతో.

బావ ఇబ్బంది పడ్డాడు. "అవ్వా, ఇది పగిలిన రాయి. గుడిలో పెట్టకూడదు."

"గుడికి వొద్దు. మా అరుగు మీద పెట్టుకుంటా. మొక్కేది నేను. అది పగిలినాదో లేదో చూసేదానికి నువ్వెవరు?"

"అమ్మా, పోదాం రామ్మా" అన్నాడు కొడుకు.

"నువ్వు గమ్మునుండు."

బావ నావైపు తిరిగాడు. "బామ్మర్దీ, నీకిచ్చిన రాయి. నువ్వే చెప్పు."

మూఢం పోవడానికి ఇంకా పక్షం రోజులు కూడా లేవు. వేలు ఇప్పుడిప్పుడే వంగుతోంది. ఆ రాయి పోతే అలాంటిది ఇంకొకటి చెక్కించమని అడగలేను. ఇది ఆట అవ్వా, వ్యాయామం, నా బతుకు దీని మీద ఉంది అని చెప్పొచ్చు. అవ్వ నన్ను చూడటం లేదు. మళ్ళీ వేళ్ళను ముక్కు దాకా నడిపిస్తోంది. నేను అప్పటికే చాలా అలసిపోయి ఉన్నాను. కాదనడానికి కూడా కొంత బలం కావాలి.

"పసుపు పడినంక నాకెందుకు బావా? నేను దేవుని మీద టీ గ్లాసు పెట్టేవాణ్ణి" అన్నాను.

ఇద్దరు పనివాళ్ళు రాయిని కారు డిక్కీలోకి ఎక్కించారు. టైర్లు దిగబడ్డాయి.

మిగిలిన రోజులు బావ ఇంటి గడప మీద, ఓడిపోయిన నాయకుడి పీఠం మీద ఆడాను. రెండూ చదునే. బోర్డు పోతుంది, వస్తుంది, వేళ్ళకు పని లేదు. రాయి ఉండి ఉంటే వచ్చేదా అని చాలాసార్లు అనుకున్నాను. రాకపోవచ్చు కూడా. చూపుడు వేలి నరం పూర్తిగా సాగకపోవచ్చని డాక్టరు మొదట్లోనే నసిగాడు. నేనే వినదలచుకోలేదు.

మూఢం పోయింది. నంద్యాల వెళ్ళాను. ఓనరు నా పక్క సీట్లో కూర్చున్నాడు. బండి ఖాళీగా ఉంది. మొదటి గేరు, రెండు, మూడు, నాలుగు, అన్నీ నా మాట విన్నాయి. మార్కెట్ వెనక రోడ్డులో ఆపించి, "ఇంక వెనక్కి తియ్యి" అన్నాడు. రింగు కింద వేళ్ళు పెట్టి లాగాను. లేచింది! కర్ర పడింది. బండి వెనక్కి పోయింది. ఇరవై ఏళ్ళు రోజూ చేసిన పనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మళ్ళా తియ్యి."

మళ్ళీ పెట్టాను. వేళ్ళు రింగు మీదినుంచి జారాయి. మళ్ళీ జారాయి. నాలుగోసారి కుడిచెయ్యి అడ్డంగా తెచ్చి దానితో లాగాను. బండి వెనక్కి, కాలువ వైపు కదిలింది.

"స్టీరింగ్ ఎవరు పట్టుకుంటారప్పా?" అని ఓనరు తనే పట్టుకున్నాడు.

బండి ఆపించాడు. తరవాత మెల్లగా అన్నాడు. "అంగట్లో కూర్చో. బండలు సూపిచ్చి మాట్లాడేదానికి వేళ్ళతో పనిలే." మంచి మాటే. కూర్చుంటున్నాను కూడా. పొద్దున ఆ కుర్రవాడు నా బండిని అంగడి ముందునుంచి ఒక్క లాగుడుకు వెనక్కి తీస్తుంటే అటు చూడకుండా ఉండటమే కష్టం. చూడకుండా ఉండటానికి కౌంటరు కింద బోర్డు తిప్పుకుంటాను.

బట్టలు తెచ్చుకోవడానికి ఆళ్ళగడ్డ వెళ్ళిన రోజే నందికి కళ్ళు తెరిపిస్తున్నారు. అవ్వ పట్టుచీర కట్టుకుని వచ్చింది. మా అక్క మజ్జిగ ఇస్తే గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. కుడిచేతి వేళ్ళు ముందులాగానే ముడుచుకుని ఉన్నట్టు నాకు అనిపించింది. పక్కన కూర్చున్నాను.

"దినామూ తిప్పుతాండావా అవ్వా?"

"రెండు పూటలా."

"నేను అన్ని దినాలు తిప్పినా నా గేరు పడలేదు. బండి పాయె. నీకు చెప్పకూడదు గానీ, ఆ రాయిని నమ్ముకోవద్దు. అది నాకే పనిచెయ్యలే."

అవ్వ మజ్జిగ మొత్తం తాగింది. గ్లాసు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని, నా చేతిని చూసింది.

"ఎడమ చేత్తో తిప్పితివి గదప్పా! ఎడమ చేత్తో తిప్పినోనికి యా దేవుడు పలుకుతాడు?"